నూట పది బై డెబ్బై

మొన్నామధ్య ఒక నర్సింగ్ స్కూలు నుంచి ఫోన్ చేశారు. కొత్తగా చేరిన ట్యూటర్లకి మీ అనుభవం నాలుగు ముక్కలు చెప్పండి మేడమ్ అన్నారు. నా అనుభవం చెబితే మళ్ళీ పిలవరమ్మా అన్నాను. అవతలామె నవ్వింది. నేను సరదాకి అన్లేదు. అందుకే వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో ఆపి శాలువా కప్పేవాళ్ళుండరు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి ఊరించడం నాకు చేతకాదు. నా నోటి మాటతో ఒక పిల్ల చదువు ఆగిపోయింది. ఆ మాట అంటున్నప్పుడు అది నిజం కాదని నాకు తెలుసు. మిగతాదంతా అక్కడిదాకా ఎలా వచ్చానన్నదే.

బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్ళు ట్యూటర్‌గా చేశాను. స్కూలు పేరూ మనుషుల పేర్లూ రాయను. వాళ్ళలో చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, నేనే లేను. నేను వరండాలో ఎదురొస్తే పిల్లలు గోడకి అంటుకుపోయేవాళ్ళు. దాన్ని క్రమశిక్షణ అనుకునేదాన్ని. ట్యూటర్‌కి నోరుండాలి అని కొత్తవాళ్ళకి చెప్పేదాన్ని కూడా. నోటి సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు చెవులున్నాయో లేదో చూసుకోమని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

ఆ యేడు మా ప్రిన్సిపాల్ మేడమ్ విజయవాడలో ఏదో శిక్షణకి వెళ్ళి ఒక కాగితం పట్టుకొచ్చారు. పిల్లలకి నేర్పే పనులు నలభై దాకా వరసగా రాసి ఉన్నాయి. ఇంజెక్షన్ చేయడం, బీపీ చూడటం, కట్టు కట్టడం, ఇలా. ఒక్కోదానికి ఎదురుగా మూడు గళ్ళు: ‘ఒక్కదాన్నే చేయగలను’, ‘పక్కన ఎవరైనా ఉంటే చేయగలను’, ‘రాదు’. నెలకోసారి ఎవరికి వాళ్ళే టిక్కు పెట్టుకోవాలి, కింద ట్యూటర్ సంతకం చెయ్యాలి. తనకి ఏం వచ్చో ఏం రాదో తను తెలుసుకోవడమే సగం చదువని ఆవిడ మీటింగులో అరగంట చెప్పారు. ఎవరి మార్కులు వాళ్ళే వేసుకుంటే మాకు జీతాలు దేనికండీ అని నేనడిగాను. స్టాఫంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు ఆ గదిలో సరైన మాట అన్నది ఆవిడొక్కరే. నేను వినలేదు. వినలేదనే మాట ఇందులో చాలాసార్లు వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

మొదటి నెల కాగితాలు వచ్చాయి. అందరూ మొదటి రెండు గళ్ళలోనే సర్దుకున్నారు, ఒక్క పిల్ల తప్ప. మూడో సంవత్సరం పిల్ల. బంటుమిల్లి వైపు నుంచి వచ్చింది, వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా. క్లాసులో ఒకే పేరు ఇద్దరికి ఉండటంతో నేనామెని బంటుమిల్లీ అనే పిలిచేదాన్ని. ఆ పిల్ల బీపీ ఎదురుగా ‘రాదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

క్లాసులో అందరి ముందూ చదివి వినిపించాను.

“మూడో యేడు చదువుతూ బీపీ చూడ్డం రాదంట. మీ ఊళ్ళో ఆర్‌ఎంపీ వెనకాల సంచి మోసేవాడికి కూడా వచ్చు కదమ్మా,” అన్నాను.

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల లేచి నిలబడి ఏదో అంది. నాకు వినపడలేదు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకు, గట్టిగా చెప్పు అన్నాను. అప్పుడు గట్టిగా చెప్పింది: “మొదటి చప్పుడు తెలుస్తోంది మేడమ్. చివరిది ఎక్కడ ఆగిందో తెలియట్లేదు.”

ఈ వృత్తిలో లేనివాళ్ళకి ఒక్క ముక్క. చేతికి పట్టీ బిగించి గాలి కొట్టి, నెమ్మదిగా వదులుతూ స్టెతస్కోపుతో వినాలి. టక్ టక్ మని చప్పుడు మొదలైనచోట పై అంకె, ఆగిపోయినచోట కింది అంకె. చివరికొచ్చేసరికి ఆ చప్పుడు బాగా మందగిస్తుంది, కొత్తవాళ్ళకి అక్కడే తప్పిపోతుంది. అంటే ఆ పిల్ల తనకి రానిదేదో చెప్పడమే కాదు, అందులో ఏ ముక్క రాదో కూడా చెప్పింది. ఇరవై రెండేళ్ళలో ఏ విద్యార్థీ నాకంత సూటిగా చెప్పలేదు. పక్కన పది నిమిషాలు కూర్చుంటే వచ్చేసే పని. దానికోసమే చేసిన స్టెతస్కోపు ఒకటి బీరువాలో ఉంది. ఒకే గొట్టానికి రెండు జతల చెవులుంటాయి, నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ ఒకేసారి వినొచ్చు. నేనేం చేశానంటే, ఆ టిక్కు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, స్నేహితురాళ్ళ దగ్గర నేర్చుకుని రమ్మని పంపాను.

రెండో నెల ముప్పై ఎనిమిది కాగితాలు వచ్చాయి. ముప్పై ఎనిమిదిమందికీ నలభై పనులూ వచ్చు. బంటుమిల్లి పిల్లకి కూడా. భోజనం గంట కొట్టేలోపు అన్నిటికీ సంతకాలు పెట్టేశాను. మూడో గడి ఉన్నది చూడ్డానికేగాని వాడటానికి కాదని అందరికీ అర్థమైపోయింది. పిల్లలు అబద్ధాలాడతారు, ఇలాంటి కాగితాల వల్ల ఉపయోగం లేదు అని ఇప్పటికీ నాతో వాదించే ట్యూటర్లున్నారు. అబద్ధం వాళ్ళంతట వాళ్ళు ఆడలేదమ్మా, నేను నేర్పాను. నెల రోజుల్లో. నేను నేర్పినవాటిలో అంత త్వరగా వాళ్ళకొచ్చింది అదొక్కటే.

ఇంకో సంగతి కూడా రాయాలి. బీపీ సరిగ్గా వినపడనప్పుడు మా పిల్లలు రాసే అంకె ఒకటుంది. నూట పది బై డెబ్బై. నూట ఇరవై బై ఎనభై అంటే పుస్తకంలోంచి దించినట్టుంటుందని తెలివిగా కాస్త తగ్గిస్తారు. ఆడవాళ్ళకైతే మరీ నప్పుతుంది, ఎవరూ రెండోసారి చూడరు. వార్డులో వరసగా ఆరు మంచాల చార్టుల మీద అదే అంకె కనపడినా మేం ఏమీ అనేవాళ్ళం కాదు. ఎందుకంటే చదువుకునే రోజుల్లో మేమూ రాశాం.

ఆ యేడు బ్యాచ్ మొత్తం గొణుగుడు బ్యాచ్ అని స్టాఫ్ రూములో రోజూ విసుక్కునేదాన్ని. ఒక్కరికీ నోరు తెరిచి మాట్లాడటం రాదు, అంతా లోపలే నములుతారు అని. మా దగ్గర కమ్యూనిటీ హెల్త్ చెప్పే సార్ ఒకాయన ఉండేవారు, నాకంటే పెద్దాయన. పల్లెల్లో తిరిగీ తిరిగీ ఎవరికీ భయపడటం మానేసిన మనిషి. ఒకరోజు టీ తాగుతూ, “మేడమ్, నాకు వినపడుతోందే వాళ్ళు చెప్పేది. ఒకసారి చెవులు చూపించుకోరాదూ,” అన్నారు. ముందు మీ కళ్ళజోడు మార్చుకోండి సార్, బోర్డు మీద అక్షరాలు గోదారి దాటి పోతున్నాయి అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నోరున్నవాళ్ళకి నిజం రెండోసారి చెప్పే ఓపిక ఎవరికుంటుంది?

తర్వాత దివిసీమ పోస్టింగ్. మోపిదేవి అవతల ఒక ఊళ్ళో పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పి గర్భిణుల్నీ పసిపిల్లల్నీ చూపించాలి. అక్కడి ఆశా కార్యకర్త దారి చూపిస్తుంది, పిల్లలు చూస్తారు, నేను వెనకాల ఉండి సంతకం చేస్తాను. రెండో రోజు పొద్దున పదింటికి ఒక ఇంటికి వెళ్ళాం. ఎనిమిదో నెల గర్భిణి. తొలిచూలు. కాళ్ళు పొంగాయి, తలనొప్పిగా ఉంటోందంది. బంటుమిల్లి పిల్ల లోపల మంచం పక్కన కూర్చుని పట్టీ కట్టింది. నేను వాకిట్లో నిలబడి, మధ్యాహ్నం భోజనాల సంగతి హాస్టలు వాళ్ళతో ఫోన్లో తేలుస్తున్నాను. ఫోన్ పెట్టేసేసరికి ఆ పిల్ల గడప దగ్గర కార్డు పట్టుకుని నిలబడి ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. మళ్ళీ గొణుగుడు. ఇంకా ఆరు ఇళ్ళున్నాయి, ఎండ ముదురుతోంది.

“సరే సరే, రాసి పట్రా,” అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కార్డు మీద రాసి తెచ్చింది. నూట పది బై డెబ్బై. కింద సంతకం పెట్టాను. పొంగిన కాళ్ళు నేనూ చూశాను, గర్భిణికి బీపీ పెరుగుతోందనడానికి అదొక గుర్తు. అలాంటి కాళ్ళ మీద అలాంటి అంకె కనపడితే ట్యూటర్ అన్నది ఆగాలి. ఆగి, తన చేత్తో మళ్ళీ చూడాలి. నేను పక్కింటికి నడిచాను.

నాలుగో రోజు తెల్లారాక ఆ గర్భిణికి ఫిట్స్ వచ్చాయి. బందరు తీసుకొచ్చేసరికి బీపీ కొండెక్కి ఉంది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల.

వారం తర్వాత ఆమె భర్త మా స్కూలు గేటు దగ్గరికొచ్చాడు. గొడవ చెయ్యలేదు, ఎవర్నీ వెంట తేలేదు. చేతిలో ఆ కార్డు ఉంది. వాచ్‌మాన్ చేత నన్ను పిలిపించి, ఈ సంతకం మీదేనాండీ అని అడిగాడు. నాదే అన్నాను. “మరి రెండ్రోజుల్లో అంతకంత ఎలా పెరిగిందండీ?” అన్నాడు. ఒక్కోసారి పెరుగుతుంది బాబూ అన్నాను. అదీ అబద్ధం కాదు, ఒక్కోసారి పెరుగుతుంది. ఆ ఒక్కోసారి అన్న మాట పట్టుకుని మూడు రోజులు నిద్రపోయాను.

నెల తర్వాత విచారణ వేశారు. బయటి నుంచి ఒక డాక్టరు గారు, ఒక నర్సింగ్ అధికారి, మా ప్రిన్సిపాల్ మేడమ్. ముగ్గురు. నేనూ ఆ పిల్లా వాళ్ళకి ఎదురుగా పక్కపక్క కుర్చీల్లో. పొద్దున పదకొండింటికి మొదలైంది. ముందు నా ఫైలు చూశారు. రెండో నెల కాగితంలో బీపీ ఎదురుగా ‘ఒక్కదాన్నే చేయగలను’ అని ఆ పిల్ల పెట్టిన టిక్కు ఉంది. మొదటి నెల కాగితం నేను ఫైల్లో పెట్టలేదు. కావాలని కాదు, ఎర్ర సున్నాతో బాగోలేదని.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు ఆ పిల్లని. “సరిగ్గా వినపడలేదండి. వినపడలేదు, మీరొకసారి చూడండి అని మేడమ్‌కి చెప్పాను. సరే రాయమన్నారు,” అంది.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. నాతో ఏమీ చెప్పలేదండీ అన్నాను. ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా, అప్పటికి నేను మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ పిల్ల తన మీద నుంచి నా మీదకి తోస్తోందని ఒళ్ళు మండిపోయింది కూడా. పక్కకి తిరిగి, నువ్వు చెబితే రాయమంటానా, నేనేమన్నా పిచ్చిదాన్నా అని గదిమాను. ఆ పిల్ల తల దించుకోలేదు. “చెప్పాను మేడమ్,” అంది మళ్ళీ.

ఇద్దరిలో ఎవరిది నిజమో తేలేది కాదు. అందుకని డాక్టరు గారు, అసలు ఈ అమ్మాయికి బీపీ చూడటం వచ్చో రాదో ఇప్పుడే చూద్దాం అన్నారు. బీరువాలోంచి ఆ రెండు జతల చెవుల స్టెతస్కోపు తెప్పించారు. మా అటెండరు చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. ఆ పిల్ల పట్టీ కట్టింది. ఆమె చెవులకి ఒక జత, నా చెవులకి ఒక జత.

గాలి వదులుతోంది. మీటరు మీద ముల్లు దిగుతోంది. నూట యాభై. నూట నలభై. ముల్లు చిన్నగా ఎగరడం మొదలెట్టింది, నా చెవుల్లో ఏమీ లేదు. గొట్టం మెలిక పడిందేమోనని చూశాను. లేదు. ముల్లు ఎగురుతోంది, నిశ్శబ్దం. నూరు, తొంభై. నిశ్శబ్దం.

బీపీ చూడటం అంటాం గాని అది వినే పని. ఆ కుర్చీలో నాకు తెలిసింది, కొన్నేళ్ళుగా నేను చూస్తూనే ఉన్నానని. ముల్లు ఎక్కడ ఎగిరిందో చూసి, మిగతాది అలవాటుకొద్దీ చెప్పేస్తున్నాను. అనుభవం అంటూ వచ్చాను దాన్ని. ఆ ఒక్క నిమిషంలో వాకిట్లో గడప దగ్గర కదిలిన పెదాలు గుర్తొచ్చాయి. బ్యాచ్ మొత్తం గొణగడం గుర్తొచ్చింది. ఆ పిల్ల చెప్పింది. ఖచ్చితంగా చెప్పింది.

“నూట ముప్పైలో మొదలైందండి. ఎనభై నాలుగులో ఆగింది,” అంది ఆ పిల్ల, స్టెతస్కోపు తీసి.

జరిగినదాని తర్వాత ఆ నెల రోజులూ హాస్టల్లో దొరికిన ప్రతి చేతికీ పట్టీ కట్టి నేర్చుకుందట. అది నాకు తర్వాత తెలిసింది.

“మేడమ్, సరిపోయిందా?” అన్నారు డాక్టరు గారు.

నాకు వినపడలేదండీ అనాలి. రెండు మాటలు. అవి అంటే, అప్పుడూ వినపడలేదేమో అన్న మూడో మాట దానంతటదే వస్తుంది. కార్డు మీది సంతకం నా మెడకి చుట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ పేరు ఆ బల్ల మీదే పోతుంది. ఇదంతా లెక్కేసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

“పైది సరిపోయిందండీ. కిందిది తప్పింది. ఇంకా కిందకి పోయింది, డెబ్బై రెండు దగ్గర ఆగింది. ఈ అమ్మాయికి చివరి చప్పుడు అందదు,” అన్నాను.

చూశారా, ఎంత బాగా అతికిందో. చివరిది అందట్లేదని ఆ పిల్ల తన నోటితో నాకు చెప్పుకున్న లోటు అది. సాయం కోసం చెప్పుకున్నది. దాన్నే తీసి ఆమె మీద వేశాను. డాక్టరు గారు తను పెట్టుకుని వినొచ్చు, వినలేదు. సీనియర్ ట్యూటర్ మాట కదా అని రాసుకున్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క తనదే తప్పిందేమోనని వెతుక్కుంటున్నట్టు చూసింది. తనకి వచ్చిందని అప్పుడే తెలుసుకున్న మనిషిని, నీకు రాలేదని మళ్ళీ నమ్మించాను. నేను చేసినవాటిలో దీనికంటే నీచమైనది నాకు గుర్తులేదు.

తప్పుడు అంకె రాసిందనీ, అడిగితే ట్యూటర్ మీద నెట్టిందనీ, ఇప్పటికీ పని రాలేదనీ రాసి ఆ పిల్లని కోర్సులోంచి తీసేశారు. నాకు మాటతో మందలింపు.

సాయంత్రం అటెండరు నా దగ్గరికొచ్చి చెయ్యి రుద్దుకుంటూ నిలబడ్డాడు. అనుమానమొచ్చి ఆసుపత్రికెళ్ళి చూపించుకున్నాడట. “ఆ అమ్మాయి చెప్పినంతే వచ్చిందండీ మేడమ్. నూట ముప్పై, ఎనభై నాలుగు. మీకు తెలిస్తే మంచిదని,” అన్నాడు. ఉప్పు తగ్గించుకో అని చెప్పి పంపించేశాను.

బందరులో అయితే తెలిసినవాళ్ళు కనపడతారని గుడివాడ వెళ్ళి చెవులు చూపించుకున్నాను. లోపల చిన్న ఎముక బిగుసుకుపోతోంది, ముందు బొంగురు చప్పుళ్ళూ మెల్లని మాటలూ పోతాయి, మామూలు మాటలు అందుతాయి గనక మనిషికి చాలాకాలం తెలియదు అన్నారు అక్కడి డాక్టరు గారు. ఎన్నేళ్ళ నుంచి ఇలా ఉందమ్మా అని అడిగారు. తెలీదండీ అన్నాను. అది మాత్రం నిజం.

తెలియకపోవడం వేరు, తెలిసి అనకపోవడం వేరు. ఇది చదివేవాళ్ళు నన్ను జాలిగా చూడకండి. వాకిట్లో నాకు తెలియదు. ఆ గదిలో తెలుసు. చెవిటితనం వెనకాల దాక్కోవడానికి నాకు ఆ మొదటిదానికే హక్కుంది.

నాలుగు నెలలు దాక్కునే ఉన్నాను. తర్వాత జరిగినదంతా రాసి ప్రిన్సిపాల్ మేడమ్‌కిచ్చాను. ఆవిడ చదివి, బల్ల మీద బోర్లా పెట్టి, ఇప్పుడు తిరగదోడితే స్కూలు మూతపడుతుంది, మిగతా పిల్లల గతేంటి అన్నారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. అలాంటి న్యాయాలు వెతికితే ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. కాగితం పై అధికారులకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఉద్యోగం మానేశాను. పరిశీలనలో ఉందని ఒకసారి జవాబొచ్చింది. ఇంకా అలాగే ఉంది.

ఆ తర్వాత ఒక ఆదివారం బంటుమిల్లి బస్సెక్కాను. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. ఆ పిల్ల ట్రేలు కడుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, అలవాటు. కూర్చోమనలేదు. పై వాళ్ళకి రాశానని, మళ్ళీ చేర్చుకోవచ్చని చెప్పాను. తను వింటూ చేతులు తుడుచుకుంది.

“ఆ రోజు గదిలో మీకు వినపడలేదని మీకు తెలుసా మేడమ్?” అంది.

“తెలుసు,” అన్నాను.

కడిగిన ట్రే ఒకటి బోర్లించింది. తర్వాత, “నాకు రాలేదనే అనుకున్నాను,” అంది. “ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వండి. సీటు కోసం కాదు. నేను మీకు చెప్పానన్నది అబద్ధమని మా నాన్న అనుకుంటున్నాడు. తప్పు చేస్తే చేశావు, మేడమ్ గారి మీద ఎందుకు పెట్టావని ఇన్నాళ్ళూ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.”

అక్కడే రాశాను. వాళ్ళ నాన్న చెరువు మీంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాగితం తీసుకుని ఒక్కో మాట వేలు పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కూతురి వైపు చూడలేకపోయాడు, నీళ్ళ వైపు చూస్తూ, “మరి ఆ బిడ్డ?” అన్నాడు.

నేను నోరు తెరిచాను. నా కంటే ముందు ఆ పిల్లే అంది: “అంకె రాసింది నేనే నాన్నా. అందులో నా వంతు నాది.”

ఆయన తలూపి, అప్పుడు నా వైపు తిరిగాడు. నా వంతెంతో అడుగుతాడని నిలబడ్డాను. అడిగితే చెబుదామనే ఉన్నాను. ఆయన అడగలేదు. బందరు బస్సుకి వేళవుతోందండీ, తర్వాతది సాయంత్రం దాకా లేదు అని మర్యాదగా చెప్పి, గట్టు చివరిదాకా దారి చూపించాడు.